వెర్నువాలో ఆకుపచ్చ జుట్టు

బస్సు వెళ్లిపోయాక గానీ గిలేన్‌కు అనుమానం రాలేదు. చేతిలో పెట్టె, భుజాన సంచి, ఎదురుగా చిన్న కూడలి. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాతిస్తంభం, మూసి ఉన్న మేయరు ఆఫీసు, ఒక పక్క కేఫె, దానికి సరిగ్గా ఎదురుగా రొట్టెల కొట్టు. శనివారం మధ్యాహ్నం ఆ కూడలి మొత్తంలో కదులుతున్నది ఒక్క పిల్లి. వేడినీటి స్నానాల ఊరని చెప్పి పంపించారు ఆమెను. ఇక్కడ ఆవిరీ లేదు, తెల్లకోట్ల నర్సులూ లేరు, కనీసం హోటలు బోర్డయినా లేదు.

పెట్టె ఈడ్చుకుంటూ కేఫెలోకి వెళ్లి అడిగింది. కౌంటరు వెనక గ్లాసులు తుడుస్తున్న ఆవిడ పేరు ఓడిల్. అరవై దాటిన మనిషి, కండపట్టిన చేతులు, నుదుటి మీద ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా తెగిన జుట్టు.

"స్నానాల వెర్నువానా మదాం? అది కొండల్లో ఉంది. దేశానికి ఆ కొస. మాది ఉత్త వెర్నువా," అంది ఓడిల్, గ్లాసును వెలుతురుకు పెట్టి చూస్తూ.

గిలేన్ కుర్చీలో కూలబడింది. టికెట్టు తనే కొనుక్కుంది. కంప్యూటర్లో వెర్నువా అని కొడితే నాలుగైదు వచ్చాయి. అన్నిటికన్నా పైనున్న దాని మీద నొక్కింది.

"బాధపడకండి. ఏటా ఒకరిద్దరు ఇలా వచ్చి పడుతూనే ఉంటారు. కిందటేడు ఓ జంట తువ్వాళ్లు భుజాన వేసుకుని మరీ దిగారు," అంది ఓడిల్.

కిటికీ పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ముసలాయన తల ఎత్తాడు. పేరు రేమొన్, కాలువ మీద లాకుల ఉద్యోగం చేసి రిటైరైనవాడు. "వేడినీళ్లేగా కావాల్సింది? ఓడిల్ పెట్టే కాఫీ కూడా ఇంచుమించు అదే," అన్నాడు.

"నీకు అదైనా పోస్తున్నానని సంతోషించు," అంది ఓడిల్, అతని వైపు చూడకుండానే.

మళ్లీ బస్సు మంగళవారం. మేడమీద గది ఖాళీగా ఉంది. గిలేన్ స్నానాల హోటలుకు ఫోన్ చేసి సంగతి చెప్పుకుంది. అవతలి అమ్మాయి నవ్వు ఆపుకుని, మిగతా రోజులకు గది ఉంచుతామంది. స్నానాల ఊళ్లో ఆ వారం గిలేన్‌కు కానుకగా వచ్చింది. ఉత్తరాన రూబే పట్నంలో ఆమె జుట్టు కత్తిరించే షాపు నడిపింది. వసంతంలో అమ్మేసింది. ఏళ్ల తరబడి వచ్చిన ఆడవాళ్లంతా కలిసి, పోయి నీ చేతులకు విశ్రాంతినివ్వు అంటూ ఈ ఏర్పాటు చేశారు. చేతులకు విశ్రాంతి దొరికి అప్పటికే ఐదు నెలలైంది. వాటిని ఏం చేసుకోవాలో తెలియక ఆమె అవస్థ పడుతోంది. టీవీ ముందు కూర్చుంటే కుషను కుచ్చులు అల్లేది, విప్పేది.

ఆ రాత్రి ఓడిల్ దుంపలూ మీగడా కూరిన పిండివంటను పెద్ద ముక్క కోసి పెట్టింది. తిన్నంతసేపూ గిలేన్ చూపు ఆవిడ నుదుటి మీదే ఉంది. ఉండబట్టలేక అడిగింది. "జుట్టు ఎక్కడ కత్తిరించుకున్నారు?"

"ఇక్కడే, వంటింట్లో. నేనే. అద్దం ఎడం పక్క పగిలింది, అందుకే ఆ పక్క కాస్త పొట్టిగా వచ్చింది."

"ఊళ్లో షాపు లేదా?"

ఓడిల్ ముఖం ముడుచుకుపోయింది. "ఉండేది," అంది, పళ్లెం తీసేస్తూ.

ఆదివారం పొద్దున గిలేన్ కూడలి దాటి రొట్టెలకు వెళ్లింది. కొట్టు యజమానురాలు యుగెత్ పొడుగ్గా, వెదురుకర్రలా ఉంది. తలకు పూల గుడ్డ బిగించి కట్టుకుంది, చెవులు కూడా కనబడకుండా.

"స్నానాల ఆవిడ మీరేనా?" అంది యుగెత్. పద్దెనిమిది గంటల్లో ఊరంతా పాకింది కబురు. "ఎదురుగుండా దిగారట. దుప్పట్లు మార్చిందా?"

"శుభ్రంగా ఉన్నాయండీ."

"మీ అదృష్టం."

లోపలికి వచ్చిన రేమొన్ తల వంచి నమస్కారం చేసి పదకొండు పొడుగు రొట్టెలు అడిగాడు. యుగెత్ లెక్కపెట్టి కాగితంలో చుట్టింది. "మీ ఆకలి ఏడాదికేడాది పెరుగుతోంది రేమొన్."

"వయసు మీద పడుతోంది కదా," అన్నాడతను గంభీరంగా. రొట్టెలు చంకలో పెట్టుకుని, కూడలి చుట్టూ చర్చి వెనకగా తిరిగి, కేఫె దొడ్డిగుమ్మంలోంచి లోపలికి పోయాడు. మధ్యాహ్నం ఓడిల్ ఆ రొట్టెల్లోనే పందిమాంసం ముక్కలు పెట్టి అందరికీ వడ్డించింది. ఎక్కడివని ఎవరూ అడగలేదు.

భోజనాలయ్యాక కేఫె ఖాళీ అయింది. గిలేన్ ఇక ఆగలేకపోయింది. చేతిసంచిలోంచి కత్తెర తీసింది. షాపు అమ్మినప్పుడు కుర్చీలు, అద్దాలు అన్నీ ఇచ్చేసి ఆ ఒక్కటి మాత్రం సంచిలో వేసుకుంది.

"కూర్చోండి," అంది ఓడిల్‌తో.

"ఎందుకు?"

"నేను మంగళవారం దాకా మిమ్మల్ని ఇలా చూస్తూ ఉండలేను."

ఓడిల్ చేతులు తుడుచుకుని కూర్చుంది. గిలేన్ వేళ్లు ఆ బిరుసు జుట్టులోకి వెళ్లగానే, నెలల తర్వాత ఆమె భుజాలు వాటంతట అవి దిగాయి. కిటికీ పక్క బల్ల దగ్గర పేపరు మెల్లగా కిందికి దిగింది. "నాకు ముందు ఇంకెవరూ లేరుగా?" అన్నాడు రేమొన్.

కుర్చీలో కూర్చున్నవాడు మాట్లాడకుండా ఉండలేడని గిలేన్‌కు తెలుసు. ఓడిల్ నేలమాళిగలోకి దిగిన సమయం చూసి రేమొన్ మొత్తం చెప్పేశాడు.

కేఫె పక్కన తలుపులు మూసి ఉన్న షాపు ఓడిల్ చెల్లెలు నికోల్‌ది. ఊరికంతటికీ ఆమే జుట్టు కత్తిరించేది. ఏడెనిమిదేళ్ల కిందట యుగెత్ కొడుకు పెళ్లి. ముందురోజు సాయంత్రం నికోల్ యుగెత్ జుట్టుకు బంగారు రంగు వేసింది. మర్నాడు చర్చిలోకి యుగెత్ ఆకుపచ్చ జుట్టుతో వచ్చింది.

"ఆకుపచ్చా?"

"చెరువు నాచులాగ. ఫొటోల్లో అందరి కళ్లూ పెళ్లికూతుర్ని వదిలేసి అటే ఉన్నాయి. తన చేతుల్లోంచి వెళ్లినప్పుడు బంగారంలా ఉందని నికోల్ మొత్తుకుంది. ఎవరు నమ్ముతారు? యుగెత్ రొట్టె కొన్న ప్రతివాళ్లకీ ఆ కథ చెప్పింది. రొట్టె కొననివాళ్లు ఊళ్లో లేరాయె. నికోల్ దగ్గరికి వెళ్లడం ఒక్కొక్కరే మానేశారు. ఏడాది తిరక్కుండా షాపు మూసేసి, సముద్రం దగ్గర కూతురింటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఓడిల్‌కీ యుగెత్‌కీ మాటల్లేవు. నేనేమో రోజుకు పదకొండు రొట్టెలు తింటున్నాను."

సోమవారం పొద్దున కాఫీ తాగడానికి వచ్చినవాళ్లు రేమొన్ తల చూశారు, ఓడిల్ నుదురు చూశారు, వెళ్లి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకొచ్చారు. కేఫెలో చోటు చాల్లేదు. కాసేపు ఓడిల్ చేతులు కట్టుకుని వాళ్ల వైపు చూస్తూ నిలబడింది. తర్వాత సొరుగులోంచి తాళంచెవి తీసి, పక్క షాపు తలుపులు తెరిచింది. బిగుసుకుపోయిన కిటికీ రెక్కలను ఇద్దరు మగవాళ్లు భుజాలతో నెట్టారు. దుమ్ము దులిపితే లోపల రెండు కుర్చీలు, నిలువుటద్దం, తల కడిగే తొట్టి అన్నీ అలాగే ఉన్నాయి. కుళాయి దగ్గి దగ్గి నీళ్లు వదిలింది.

మధ్యాహ్నం దాకా గిలేన్ తల ఎత్తలేదు. మూడు గంటలప్పుడు రేమొన్ గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది. దొడ్డిదారిన. ఎవరు రమ్మంటున్నారో నేను చెప్పలేదు."

సోమవారం రొట్టెల కొట్టుకు సెలవు. పొయ్యి చల్లారి ఉంది. యుగెత్ వెనక గదిలో, పిండి కలిపే బల్ల పక్కన నిటారుగా కూర్చుంది. తలుపు వేసి రమ్మంది. తర్వాత మెడ వెనక చెయ్యి పెట్టి ముడి విప్పింది.

తెల్లజుట్టు. పల్చగా, పొడుగ్గా, దువ్వి ఎన్నాళ్లయిందో. కొసల్లో, చెంపల మీద, మరకలా ఆకుపచ్చ.

"అది నన్ను వదల్లేదు," అంది యుగెత్. "రంగు వేయించుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత నెరిసింది, రాలింది, మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇదే. నికోల్ నా కుదుళ్లే పాడు చేసింది. వాళ్లని ఉడికించడానికి ఈ గుడ్డ కట్టుకుంటున్నానని ఊళ్లో అనుకుంటారు. అనుకోనివ్వండి."

గిలేన్ ఒక పాయ తీసి కిటికీ వైపు పట్టి చూసింది. రంగు వేసిన జుట్టు ఎప్పుడో కత్తెరకు పోయి ఉంటుంది. కుదుళ్లకు దీంతో సంబంధం లేదు. "తల ఎక్కడ కడుక్కుంటారు?"

"ఇక్కడే. నాకు మేడ ఎక్కే తీరికెక్కడిది? తెల్లవారుజామున పిండి పని అవగానే ఇక్కడే కడిగేసుకుంటాను. పొయ్యి మీద బాయిలరు ఉంది కదా, నీళ్లు రాత్రంతా కాగుతూ ఉంటాయి."

"పెళ్లి రోజు కూడా?"

"ఆ రోజూ రొట్టెలు కాల్చాల్సిందేగా. జుట్టు నిండా పిండి. బాగా రెండు మూడుసార్లు కడుక్కున్నాను."

గిలేన్ తొట్టి దగ్గరికి వెళ్లింది. కుళాయి కింద, నీళ్ల చుక్కలు పడేచోట, పింగాణీ మీద నీలంగా ఆకుపచ్చగా పొడుగాటి చార. పైకి చూసింది. పొయ్యి మీద పాతకాలపు రాగి బాయిలరు, యుగెత్ మామగారు పెట్టించింది, పొట్ట మీద మెరుస్తూ.

"ఈ చార ఎప్పట్నుంచి ఉంది?"

"నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ. ఎంత తోమినా..." యుగెత్ ఆగిపోయింది.

"రాగి నీళ్లండి. లేతరంగు జుట్టు పీల్చేసుకుంటుంది. మా షాపుకి ఈతకొలనుల నుంచి వచ్చే పిల్లల్లో చూసేదాన్ని. ముదురు గోధుమరంగు జుట్టున్నన్నాళ్లూ మీకు కనబడలేదు. బంగారు రంగు వేయగానే బయటపడింది. ఇప్పుడు తెల్లజుట్టు కాబట్టి మళ్లీ కనబడుతోంది."

యుగెత్ బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. బయట చర్చి గంట నాలుగు కొట్టింది. అలవాటు ప్రకారం కాసేపాగి మళ్లీ నాలుగు కొట్టింది. రెండోసారి కొట్టడం కూడా అయ్యాక ఆవిడ అంది. "అంటే నికోల్ చెప్పింది నిజమే. బంగారంలాగే ఉంది, తన చేతుల్లోంచి వెళ్లినప్పుడు."

"ఉండే ఉంటుంది."

"నేను ఊరంతా చెప్పాను."

గిలేన్ వెనక్కొచ్చి మళ్లీ ఒక పాయ చేతిలోకి తీసుకుంది. "ఇది పోతుంది," అంది. "టొమాటో గుజ్జు పట్టించి అరగంట ఉంచితే చాలావరకు లాగేస్తుంది. ఉందా?"

"నా దగ్గర లేదు," అంది యుగెత్. కళ్లు మూసుకుంది. "ఎవరి దగ్గర ఉందో మీకూ తెలుసు."

ఓడిల్ ఆ వారమంతా టొమాటోలు ఉడికించి సీసాల్లో పోస్తోంది. గిలేన్ వెళ్లి రాగి సంగతి, బాయిలరు సంగతి, తొట్టిలో చార సంగతి దాచకుండా చెప్పింది. ఓడిల్ సంతోషిస్తుందనుకుంది. ఓడిల్ గరిటె పక్కన పెట్టి తెల్లబోయి చూసింది. తర్వాత ముఖం ఎర్రబడింది.

"ఒక బాయిలరు గురించా?" అంది. "నా చెల్లెలు ఇల్లూ ఊరూ వదిలి పోయింది. ఏడేళ్లుగా పండక్కి కూడా రాలేదు. ఒక బాయిలరు గురించా? ఇప్పుడు ఆ నెత్తికి నా టొమాటోలు కావాలా?"

"మీ ఇష్టం. ఇవ్వకపోతే నిమ్మకాయతో చూస్తాను."

"నిమ్మకాయతో ఏం పోతుంది," అంది ఓడిల్ విసుగ్గా. రెండు సీసాలు చంకన పెట్టుకుని, ఏప్రాను కూడా విప్పకుండా కూడలిలోకి నడిచింది. చర్చి వెనకగా చుట్టు తిరగలేదు. అడ్డంగా దాటింది. షాపు ముందు వంతు కోసం కూర్చున్నవాళ్లు మాటలాపి, ఆవిడ వీపు వైపే చూస్తూ ఉండిపోయారు.

రొట్టెల కొట్టు దొడ్డిగుమ్మంలో ఓడిల్ నిలబడిపోయింది, గడప దాటకుండా. సీసాలు గిలేన్ చేతికిచ్చింది. వెళ్లిపోలేదు. యుగెత్ తొట్టి వైపు తిరిగి తల వంచుకుని ఉంది. గిలేన్ మేడమీంచి తెచ్చిన నీళ్లతో జుట్టు తడిపి గుజ్జు పట్టించడం మొదలుపెట్టింది.

"ఆవిడతో చెప్పు గిలేన్, అందులో వెల్లుల్లి ఉంది, కంట్లో పడితే మండుతుంది," అంది ఓడిల్.

"ఆవిడతో చెప్పండి మదాం, కళ్లు మూసుకోవడం నాకొచ్చు."

"కళ్లు మూసుకోవడం వచ్చు. నోరు మూసుకోవడమే ఎప్పుడూ రాలేదని చెప్పు."

యుగెత్ గిరుక్కున తిరిగింది. నుదుటి మీంచి ముక్కు మీదికి టొమాటో కారుతోంది. "నా నోటి సంగతి నువ్వు మాట్లాడతావా ఓడిల్? మా రొట్టెల్లో సున్నం కలుస్తుందని నువ్వు చెప్పలేదూ, లారీ డ్రైవర్లకి?"

"చెప్పాను. చెప్పి మళ్లీ అవే రొట్టెలు కొన్నాను. ఎవరు నష్టపోయారు?"

"నువ్వు కొన్నావా? రేమొన్ కొన్నాడు."

"రేమొన్‌కు పళ్లే లేవు, పదకొండు రొట్టెలు తింటాడా?"

"నాకు తెలియదనుకున్నావా? తెలిసే నీకు బాగా కాలినవి ఇచ్చేదాన్ని. నీకు పైపొర కరకరలాడాలి కదా."

ఓడిల్‌కు అసలు కోపం గుర్తొచ్చింది, గడప దాటి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి. కూడలి చుట్టూ కిటికీ రెక్కలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సాయంత్రం ప్రార్థనకు గంట కొట్టాల్సినాయన తాడు పట్టుకుని ఆగాడని తర్వాత చెప్పుకున్నారు. ఏళ్ల తర్వాత వెర్నువాలో ఇద్దరు మనుషులు ఒకరి పేరు ఒకరు పెట్టి అరుచుకుంటున్నారు. ఆపాలని ఎవరికీ అనిపించలేదు.

గిలేన్ గుజ్జు పట్టించడం మానలేదు. ఒక చేత్తో యుగెత్ తల కదలకుండా పట్టుకోవాల్సి వచ్చింది.

"నాకు కనబడింది నేను చెప్పాను," అంటోంది యుగెత్. "ఆకుపచ్చగా కనబడింది, ఆకుపచ్చ అన్నాను."

"నీకు కనబడింది చెప్పావు. నికోల్ చెప్పింది వినలేదు."

యుగెత్ తల దించుకుంది. టొమాటో చుక్క గడ్డం మీంచి ఒళ్లో పడింది.

"వినలేదు," అంది చివరికి.

ఓడిల్ పిండి బల్లకు ఆనుకుని నిలబడింది. ఆమె గొంతు కూడా తగ్గింది. "మార్సెల్ పోయినప్పుడు నేను రాలేదనుకుంటున్నావు. వచ్చాను. చర్చి మెట్ల దాకా వచ్చాను. లోపలికి అడుగు పడలేదు."

మార్సెల్ యుగెత్ భర్త. మూడేళ్ల కిందట శీతాకాలంలో పోయాడు.

"చూశాను," అంది యుగెత్. "ఆ నీలం కోటు నువ్వు తప్ప ఇంకెవరు వేసుకుంటారు? శవపెట్టె వెనక నడుస్తూ చూశాను. రమ్మని పిలుద్దామనుకున్నాను." "చలిలో నిలబడ్డావు. అది నాకు తెలుసు."

గిలేన్ తడి గుడ్డ తీసి యుగెత్ నుదురు తుడిచింది. అరగంట గడవాలి. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో ఓడిల్ లేచి అలమరలో వెతికి కాఫీ పొడి తీసింది, ఎక్కడుంటుందో తెలిసినట్టే. ఏడేళ్లలో యుగెత్ దాని చోటు మార్చలేదు.

మంగళవారం పొద్దున కేఫె ఫోను నుంచి యుగెత్ నికోల్‌తో మాట్లాడింది. తలకు గుడ్డ లేదు. చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టులో, వెతికితే తప్ప పచ్చదనం కనబడదు. ఏమందో ఎవరూ వినకుండా ఓడిల్ అందరినీ బయటికి తోలింది, తనూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చాలాసేపటికి యుగెత్ బయటికొచ్చి, ముక్కు చీదుకుని, "నవ్విందే," అంది. "ముందు ఏడ్చింది, తర్వాత రాగి అంటే నవ్వింది. రానంటోంది. అక్కడ మనవలున్నారు, సముద్రం ఉంది. షాపు తాళంచెవి ఆ పొరపాటున దిగిన ఆవిడకు ఇచ్చెయ్యమంది."

అందరూ గిలేన్ వైపు చూశారు. ఆమె పెట్టె పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంది.

"నేను స్నానాలకి వెళ్లాలి. గది ఉంచారు," అంది.

"వెళ్లు నా తల్లీ, వెళ్లు. నిన్నెవరు ఆపారు?" అంది ఓడిల్. రొట్టె, జున్ను చుట్టిన పొట్లం ఆమె సంచిలో కుక్కింది. రొట్టె బాగా కాలింది.

కొండల్లోని వెర్నువా చక్కగానే ఉంది. గిలేన్‌ను వెచ్చటి బురదలో పడుకోబెట్టారు, గులాబీ వాసన వేసే నీళ్లలో తేల్చారు. తెల్లకోటు అమ్మాయి ఆమె చేతులు మర్దనా చేస్తూ, కండరాలు ఇంత వదులుగా ఉన్న ముసలమ్మను ఈ ఏడాది చూడలేదంది. మూడో రోజు గిలేన్ ఆ అమ్మాయి జుట్టు వెనక ముడిని విప్పి, వేరేలా వేసి చూపించింది. నాలుగో రోజు మిగతా నర్సులూ వచ్చారు.

అక్టోబరు మొదట్లో ఆమె మళ్లీ బస్సు దిగింది. ఈసారి టికెట్టు కొనేటప్పుడు జాబితా రెండుసార్లు చదివింది. రూబే ఇల్లు వదిలిపెట్టలేదు. నెలకో వారం ఇక్కడ, మిగతా రోజులు అక్కడ అని నిర్ణయించుకుంది. మేడమీది గదిలో ఓడిల్ కొత్త అద్దం పెట్టించింది.

మొదటి రోజు మొదటి కుర్చీలో యుగెత్ కూర్చుంది. రెండో కుర్చీలో పనేమీ లేకపోయినా ఓడిల్ వచ్చి కూర్చుని, కాఫీ తాగుతూ కత్తెర వంక చూస్తోంది.

"ఎడం పక్క ఎక్కువైంది," అంది ఓడిల్.

"నీకు ఎడం పక్క గురించి మాట్లాడే హక్కు లేదు," అంది యుగెత్. "గిలేన్, ఆ బాయిలరు మార్చాలంటావా?"

"మార్చాలి."

"మామగారి బాయిలరు. బంగారంలా పని చేస్తుంది."

"అయితే మేడమీదికెళ్లి తల కడుక్కోండి."

"మెట్లెక్కాలి."

"మా ఇంటికి వచ్చి కడుక్కో, పీడా పోతుంది," అంది ఓడిల్. "పొద్దున్నే వచ్చేటప్పుడు రొట్టెలు కూడా నువ్వే పట్టుకురా. రేమొన్‌కు నడుం నొప్పిట."

యుగెత్ ఒప్పుకోలేదు, కాదనలేదు. తల నిటారుగా పెట్టుకుని అద్దంలో తన చెవులను చూసుకుంటోంది. గిలేన్ ఒక తెల్ల పాయను రెండు వేళ్ల మధ్య పట్టి, నీళ్లు చిలకరించి, కత్తిరించింది.